అపురూప గ్రంథముల కాపరి

హైదరాబాదునకు తూర్పున దిల్‌సుఖ్‌నగరు నానుకొని మూసారాంబాగను పేట కలదు. నిజాము కొలువునందలి ఫ్రెంచి సేనాని రేమండు 1798లో మరణించెను. ఆతని సమాధి ఆ చేరువ గుట్టపై నేటికిని నిలిచియున్నది. మస్యే రేమండను పరదేశనామము హిందువుల నోట మూసారామయి, ముస్లిముల నోట మూసారహీమయి, తుదకు పేటపేరుగా మిగిలెను. జనుల నాలుక అభిమానమును నిలుపగలదు గాని తేదీలను నిలుపజాలదు. అతడెవడో, ఎన్నడు పోయెనో చెప్పగలవి వ్రాతలే. ఆ వ్రాతలను కాచువాడు అపురూప గ్రంథముల భాండాగారి.

బీరువాకు తాళము వేయుటయే ఇతని పనియని మనవారు తలంతురు. కాని పాతదైనంతమాత్రమున పుస్తకము అపురూపము కాదు. తోడి ప్రతులన్నియు నశించినప్పుడు అపురూపమగును. నిన్నటి కరపత్రమైనను ఒక్క ప్రతియే మిగిలినచో అమూల్యమే. కావున దాచవలసినదానిని ముందుగా గుర్తించుట, అది ఎక్కడ అచ్చయ్యెనో, ఎవరి చేతులు మారి వచ్చెనో పట్టికకెక్కించుట, అడిగినవారికి చూపుట ఇతని విధులు. పట్టికలో లేని పుస్తకము అరలోనున్నను లేనట్లే.

ఉర్దూ రాజభాషగా నుండి తెలుగునకు ఆదరణ కొరవడిన దినములలో, 1901 సెప్టెంబరు 1వ తేదీన, కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు, రావిచెట్టు రంగారావుగారు, మునగాల రాజాగారు మొదలగువారు హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించిరి. 1934లో సురవరము ప్రతాపరెడ్డిగారు గోలకొండ కవుల సంచికను వెలువరించి, తెలంగాణమున కవులు లేరన్నవారికి 354 మందిని చూపిరి. ఆ వాదమున నెగ్గినది సేకరణమే.

సేకరించినదానికిని పగవారు పెక్కండ్రు. చెద, తేమ, ఎండ సరే; కొయ్యగుజ్జుతో చేసిన కాగితము తనలోని ఆమ్లముచేతనే పెళుసై పొడియగును. 2000 ఆగస్టు వరదలో బాగులింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞానకేంద్రమునందలి అబ్దుస్సమద్‌ఖాను గారి ఉర్దూ గ్రంథసంపద నీటిపాలయ్యెను. తడిసిన పుస్తకమునకు రెండుమూడు దినములలోనే బూజు పట్టును. అందుచే దానిని గడ్డకట్టించి, వ్యవధి సంపాదించుకొని, పిదప మెల్లగా ఆరబెట్టుదురు. ఇది నేర్పరులు చేయవలసిన పని.

అయితే వరద రానిచోటను పుస్తకములు పోవుచున్నవి. మలకుపేట దాటి, దిల్‌సుఖ్‌నగరు మీదుగా ఎల్.బి.నగరు వరకు 2018లో మెట్రో రైలు వచ్చెను. ఆ దారికిరుప్రక్కలనున్న కాలనీలలో జిల్లాలనుండి వచ్చి ఇండ్లు కట్టుకొన్నవారెందరో కలరు. తాతగారి పంచాంగములు, పాత మాసపత్రికలు, సభల ఆహ్వానములు, ఉత్తరములు వారి అటకలపై నుండును. పెద్దలు గతించిన పిమ్మట అవి చిత్తుకాగితములుగా తూకమునకు పోవును. అట్లు పోయిన దానికి రెండవ ప్రతి యుండదు.

1960 నాటి గ్రంథాలయ చట్టమునుబట్టి ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సుంకము. ఆ ధనమున కొంత వెచ్చించి, ఈ తూర్పుపేటల గ్రంథాలయమున ఒక గదిని, శిక్షితుడైన ఒక భాండాగారిని ఏర్పరచుమని అడుగుటకు మనకు హక్కు కలదు. అంతవరకు మనము చేయదగినది యొకటి గలదు. పెట్టెను తూకమువానికిచ్చుటకు ముందు ఒక్కపూట విప్పి చూచి, అందేమున్నదో ఒక కాగితముపై వ్రాసి, గ్రంథాలయమువారికి చూపవలెను. భావిచరిత్రకారునికి మనమిచ్చు మొదటి పట్టిక అదియే.