బొమ్మ వెంట నడిచే చిట్టీ

తెలుగులో మొదటి టాకీ ‘భక్త ప్రహ్లాద’. హెచ్.ఎం. రెడ్డి గారు బొంబాయిలో తీశారు. అది 1931 సెప్టెంబరు 15న విడుదలైందని చాలా జమానా అందరూ నమ్మారు, ఆ రోజే జష్న్ చేసుకున్నారు. సరిచూద్దామంటే సినిమా ప్రింటే దొరకదు. చివరికి పాత్రికేయులు రెంటాల జయదేవ వెతికి తీసిన పాత కాగితాలే గవాహీ ఇచ్చాయి: సెన్సారు 1932 జనవరి 22న, బొంబాయిలో విడుదల ఫిబ్రవరి 6న. బొమ్మ పోయినా, దాని వెంట పుట్టిన కాగజ్ అసలు తారీఖ్ చెప్పింది.

సినిమా పనిలో ఇలాంటి చిట్టీలు ఎప్పటినుంచో ఉన్నాయి. ఫిల్ము అంచున అడుగడుగుకీ ఒక నంబరు ఉండేది. ఎడిటర్ కోసిన ముక్కకు నెగెటివ్‌లో జోడీ వెతికేది దాంతోనే. 1990లో కొడాక్ ఆ నంబరుకు బార్‌కోడ్ తోడు చేసింది. 2001లో అడోబీ ‘ఎక్స్‌ఎంపీ’ తెచ్చింది. రా ఫోటోను ముట్టకుండా, దాని వివరాలు, రంగు మార్పులు పక్కనే చిన్న ఫైలులో ఉంటాయి. చాలా సోనీ కెమెరాల్లో ‘సి0001’ అనే వీడియో ఉంటే, ‘సి0001ఎం01’ అనే ఎక్స్‌ఎంఎల్ ఫైలు దాని సాథీ. తీసిన వేళ, టైమ్‌కోడ్, కెమెరా మోడల్ అందులో దర్జ్ అవుతాయి.

ఈ చిన్న ఫైళ్లను ఫజూల్ అనుకుని చెరిపేస్తే వీడియో ఆడుతుంది గానీ, దాని పహచాన్ పోతుంది. అందుకే మన పుత్తూరులో షాదీ వీడియో తీయించేవారు కార్డు మొత్తాన్ని ఫోల్డర్లతో సహా కాపీ చేయించాలి. ఎడిటింగ్ పూర్తయ్యేదాకా ఫైళ్ల పేర్లు మార్చనివ్వకూడదు.

కెమెరా రాయలేనివి మనమే ఒక మామూలు టెక్స్ట్ ఫైలులో రాసి పక్కన పెట్టాలి. ఉత్త ‘పుత్తూరు’ అంటే చాలదు, కర్ణాటకలోనూ ఒక పుత్తూరు ఉంది. మనది 2022 ఏప్రిల్ 4కు ముందు చిత్తూరు జిల్లా, ఇప్పుడు తిరుపతి జిల్లా. నిఖా తారీఖ్, దుల్హా దుల్హన్ల ఖాందాన్, వలీమా జరిగిన చోటు, అన్నీ రాయండి. ముందు వరసలో దుపట్టా సర్దుకుంటున్న ముసలామె ఎవరి నానీయో ఏ మెషీనూ చెప్పదు. అది ఇవాళ మన అమ్మీకి తెలుసు. ఆమె ఉండగానే పక్కన కూర్చుని అడిగి రాసుకోండి. రేపటి పిల్లలకు అది మనం అప్పగించే అమానత్.