తండా మాటకు ఏ లిపి?

మేళ్లచెరువు, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల తండాల్లో ఇంటి మాట గోర్‌బోలి. బయటివాళ్లు లంబాడీ అంటారు. పిల్లలు తల్లిని యాడీ అని పిలుస్తారు. బడికి వెళ్లగానే పలక మీద తెలుగు అక్షరాలు దిద్దుతారు. ఇంటి మాటను రాసే అక్షరాలు మాత్రం వాళ్లకు ఎవరూ నేర్పరు.

ఈ భాష రాజస్థానీకి దగ్గరి చుట్టం. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసే వర్తకులు మొగలు సైన్యాలకు తిండిగింజలు అందిస్తూ దక్కనుకు తెచ్చుకున్న మాట ఇది. రైళ్లొచ్చి బిడారు వ్యాపారం పోయాక తండాలు కట్టుకుని నిలిచిపోయారు. చరిత్రంతా పాటల్లోనే దాచుకున్నారు. 2011 జనగణనలో లంబాడీ మాట్లాడేవాళ్లు 32 లక్షలకు పైనే. అయితే వాళ్లందర్నీ హిందీ కింద కలిపి లెక్కవేశారు.

తనదంటూ లిపి లేకపోవడంతో ఏ రాష్ట్రంలో ఉంటే అక్కడి అక్షరాలే దిక్కయ్యాయి: మహారాష్ట్రలో దేవనాగరి, కర్ణాటకలో కన్నడం, మన దగ్గర తెలుగు. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో గిరిజన భాషల్లో ప్రాథమిక చదువు మొదలుపెట్టినప్పుడు లంబాడీ వాచకాలను తెలుగు లిపిలోనే అచ్చువేశారు.

అది మంచి ఎంపికే. ఢావ్లో అనే శోకగీతం పేరు చూడండి. ఢ లాంటి మహాప్రాణాలు అచ్చతెలుగు మాటల్లో అరుదు, అయినా మన వర్ణమాలలో సిద్ధంగా ఉన్నాయి. చిక్కు మాట చివర వస్తుంది. ఆడపిల్లలు తొమ్మిది రోజులు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచే పండుగ తీజ్. తెలుగు నోరు దాన్ని తీజు చేస్తుంది. పొల్లు తప్పకుండా రాస్తేనే తండా ఉచ్చారణ నిలుస్తుంది. దేవనాగరిలో ఆ గుర్తు లేకుండానే చివరి హల్లు పలుకుతారు.

ఈ పేచీ మన ఒక్కరిదే కాదు. నైలు ఒడ్డున నూబియన్లకు ఎనిమిదో శతాబ్దం నుంచే సొంత రాత ఉండేది. పదిహేనో శతాబ్దం నాటికి అది మరుగున పడింది. 1960లలో అస్వాన్ ఆనకట్ట వాళ్ల ఊళ్లను ముంచింది. చెదిరిన జనం మాటను నిలుపుకోవడానికి అరబిక్, లాటిన్, పాత నూబియన్ లిపుల మధ్య నేటికీ తర్జనభర్జన పడుతున్నారు. పులిచింతల నీళ్లకు ఊళ్లు వదిలి వెళ్లినవాళ్లున్న మన ప్రాంతానికి ఆ బాధ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన రాతప్రతుల పుణ్యమా అని గోండీకి సొంత లిపి బయటపడింది, 2018లో యూనికోడ్‌లోకీ చేరింది. గోర్‌బోలికీ అలాంటి లిపి కావాలన్న కోరిక న్యాయమైనదే. కానీ కొత్త లిపి నేర్చుకున్న మొదటి తరం చదవడానికి పుస్తకాలుండాలి. పుస్తకాలు నిండాలంటే పాటలు తెలిసిన ముసలమ్మలు బతికుండగానే రాసుకోవాలి. లిపి వాదం తేలేదాకా ఆగకండి. తండా బడుల్లోని పంతుళ్లూ, చదువుకున్న పిల్లలూ ఈ ఏడు తీజ్ పాటల్ని తెలుగు అక్షరాల్లోనే, పొల్లులతో సహా, నోటుబుక్కుల్లోకి ఎక్కించండి.