భద్రతామండలిలో హైదరాబాదు: రాజ్యత్వ వివాదం

1947 భారత స్వాతంత్ర్య చట్టంలోని 7వ సెక్షను సంస్థానాలపై బ్రిటిష్ పరమాధికారాన్ని రద్దు చేసింది. అది ఎవరికి సంక్రమిస్తుందో చెప్పలేదు. నిజాం వాదానికి ఆ మౌనమే ఆధారం.

1948 ఆగస్టు 21న హైదరాబాదు భద్రతామండలికి ఫిర్యాదు చేసింది. ఐక్యరాజ్యసమితి ఛార్టరు 35వ అధికరణం సభ్యత్వం లేనివారికీ ఆ హక్కునిస్తుంది. అయితే ఫిర్యాది రాజ్యమై ఉండాలి. 1947 నవంబరు 29 నాటి యథాతథ ఒడంబడికతో విదేశ వ్యవహారాలు, రక్షణ పూర్వపద్ధతిలోనే ఢిల్లీతో ముడిపడి ఉన్నాయి. రాజ్యత్వ వాదాన్ని బలహీనపరిచింది నిజాం చేసిన ఈ సంతకమే. అదే ఒడంబడిక భారతదేశానికి పరమాధికారాన్ని ఇవ్వలేదన్నదీ నిజమే.

సెప్టెంబరు 13న భారత సేనలు ప్రవేశించాయి. 16న పారిస్‌లో సమావేశమైన మండలి తన అధికార పరిధిని తేల్చకుండానే అంశాన్ని చర్చకు స్వీకరించింది. మరునాడే నిజాం లొంగిపోయాడు. 22న ఫిర్యాదును ఉపసంహరిస్తూ తంతి పంపాడు. ఓడినవాని తంతికి చట్టరీత్యా విలువెంత? 1949 మేలో మళ్లీ చర్చించినా మండలి తీర్మానమేదీ చేయలేదు.

స్వయంనిర్ణయాధికారం ప్రజలది. తెలంగాణ రైతాంగం నిజాం పాలనపై సాయుధంగా పోరాడుతున్న వేళ, పారిస్‌లో హైదరాబాదు పేర మాట్లాడింది నిజాం ప్రతినిధివర్గం. అంతకుముందు సంప్రదింపులలో ప్రజాభిప్రాయ సేకరణ ప్రస్తావన వచ్చింది, అది జరగలేదు.