బుడమేటి పటములు

మైలవరము పరిసరముల కొండలయందు పుట్టి కొల్లేటిలో కలియు బుడమేరునకు చరిత్ర గ్రంథములయందు చోటు తక్కువ. వానకాలమున ఊళ్లను ముంచి, వేసవిని ఇసుకను మిగుల్చు వాగునుగూర్చి ఏ రాజు శాసనము వేయించును? దాని చరిత్రను వెదుకువారు భూపటములనే ఆశ్రయింపవలసియున్నది.

1802లో మదరాసు సమీపమున ల్యాంబ్టన్ ప్రారంభించిన త్రికోణమితి సర్వే దేశమునకు కొలతల చట్రమును సమకూర్చెను. కాని చెరువులు, వాగులు, బండిబాటలు రైతు పోల్చుకొనగల రీతిని రంగులతో కాగితమున కెక్కుట 1905 నాటి సర్వే సంఘపు సిఫారసుల పిమ్మటి మాట. మైలున కంగుళము ప్రమాణముగల ఆ పటములలో బుడమేరు 65 డి చదరమున పుట్టి, 65 హెచ్ చదరమున కొల్లేరు చేరును.

వీనిని చదువుటలో ఒక కిటుకు కలదు. ఎండిపోవు వాగునకు నల్లగీత, నీరు నిలుచుదానికి నీలిగీత. గోధుమవన్నె సమోన్నత రేఖలు వాగును దాటుచోట కొన తేలి, ఆ కొనను ఎగువదిక్కునకు చూపును. ఆ కొనలవెంట ఎగువకు సాగి, గట్టుల శిఖరములను కలుపుచు గీత గీచినచో, ఏ చినుకు బుడమేటికి దిగునో ఏది దిగదో తేలిపోవును. మైలవరమువైపు రేఖలు ఒత్తుగా నుండుటచేతనే అచ్చటి వాన గంటలలో దిగువకు దూకుచున్నది.

దిగువను పటము మూగవోవును. సామాన్యముగా ఏబదేసి అడుగులకొక్క రేఖ గీచిన కాగితముపై డెల్టా ఇంచుమించు ఖాళీగా కనబడును. అచ్చట జీవనము నిర్ణయించునది అడుగు, రెండడుగుల వాలు. ఆ స్వల్పపు వాలునకు అడ్డముగా, 1855లో పూర్తియైన కృష్ణ ఆనకట్ట వెంట కాలువలు విస్తరించినవి. ఎనికేపాడువద్ద వాగు కాలువ అడుగునుండి దూరి పోవలసివచ్చెను. వెలగలేరువద్ద తలుపులు కట్టి వరదను కృష్ణకు మళ్లించు కాలువయు త్రవ్విరి. 2024 సెప్టెంబరు ఆరంభమున ఆ మళ్లింపు కాలువకు గండ్లు పడగా విజయవాడ సింగ్‌నగర్ మొదలగు పేటలు నీట మునిగినవి. వాగు పూర్వము పరచుకొను పల్లములలో ఇండ్లు కట్టుకొనినవారికి పాత పటమును చూపినవా రెవ్వరు?

కొల్లేటియందు సమోన్నత రేఖ శాసనమే అయినది. 1999లో సముద్రమట్టమునకు ఐదడుగుల ఎత్తు రేఖవరకు, సుమారు 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యముగా ప్రకటింపబడెను. అంగుళపు పటముపై కానరాని ఆ రేఖను నేలపై వేరుగా కొలిచి పట్టవలెను. దానికి లోపల త్రవ్విన చేపల చెరువుల గట్లను 2006లో తెగగొట్టిరి. రేఖను మూడడుగులకు దింపవలెనని పిమ్మట కోరిక బయలుదేరెను. రెండడుగుల ఆ తేడాలో వేల ఎకరములు ఉన్నవి.