‘వెరీ’ పుట్టుపూర్వోత్తరములు

మన పిల్లలు మాటిమాటికి పలుకు ‘వెరీ’ అను ఆంగ్లపదమునకు తొలుత ‘మిక్కిలి’ అను అర్థమే లేదు. ‘సత్యమైన’ అనునదే దాని అర్థము. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిమ్మట, లాటిను ‘వేరుస్’ సంతతికి చెందిన ఈ మాట ఫ్రెంచి ద్వారమున ఆ భాషను చేరినది. 14వ శతాబ్దమున చాసర్ మహాకవి దానిని ‘నిజమైన’ అను అర్థమున వాడిన తావులు కలవు. ప్రాచీనాంగ్లమున ‘మిక్కిలి’ అనుటకు ‘స్వీదె’ అనెడివారు. బలమును తెలుపు ఆ సొంత మాట నశించినది. దాని స్థానమున పలు మాటలు మెలగి, తుదకు అరువు మాటయే నిలిచినది.

ఇట్టి మాటలకు అరుగుదల యెక్కువ. భయభక్తులు గొలుపు ‘ఆఫుల్’ నుండి పుట్టిన ‘ఆఫుల్లీ’ని నేడు మిఠాయి రుచిని మెచ్చుటకు సైతము వాడుచున్నారు! ‘పెంచు’ అను అర్థముగల ‘ఈక్’ గతి మరియు విచిత్రము. అదనపు పేరును ‘యాన్ ఈక్ నేమ్’ అనుచుండగా, ముందరి నకారము వచ్చి అంటుకొని ‘నిక్‌నేమ్’ అయినది. పొరుగువారి నోట మన యింటిపేర్లు పడు పాట్లెరిగిన మనకు ఇది వింత గాదు.

మన ‘చాలా’ పుట్టినది ‘చాలు’ నుండి. ఆంగ్లేయులు సత్యమును, తెలుగువారు సరిపోవుటను ఆధిక్యమునకు వాడుకొనిరి. మనదే సొగసైనదని మేము తలంతుము. ‘మిక్కిలి’కి మూలము ‘మిగులు’. తమిళుల ‘మిగ’ దానికి చుట్టమే. ఆ ‘మిక్కిలి’ యిప్పుడు పుస్తకములలో మిగిలినది. మన యిండ్లలో పెద్దలు ‘చాలా’ అనుచుండగా పిల్లలు ‘వెరీ’ అనుచున్నారు.