నాంపల్లి హజ్ హౌస్ పేరుతో మెయిల్ వస్తే..

హజ్‌కు దరఖాస్తు పెట్టిన ఇంట్లో ఫోన్ చిన్న శబ్దం చేసినా అందరి చూపూ అటే. మోసగాళ్లకు కావాల్సింది సరిగ్గా ఆ ఆత్రమే. 'మీకు సీటు వచ్చింది, ఈరోజే అడ్వాన్స్ కట్టకపోతే పోతుంది' అని హజ్ కమిటీ లోగోతో మెయిల్ వస్తే నమ్మబుద్ధి అవుతుంది.

లోగో ఎవరైనా కాపీ కొట్టి పెట్టుకోవచ్చు. పంపినవాళ్ల పేరు కూడా అంతే. ఆ పేరు మీద నొక్కితే అసలు అడ్రస్ కనిపిస్తుంది. దాన్ని చివరి నుంచి వెనక్కి చదవండి. హజ్ కమిటీ వెబ్‌సైట్ అడ్రస్ 'జీఓవీ డాట్ ఇన్'తో ముగుస్తుంది. 'జీఓవీ' అని మధ్యలో ఎక్కడో ఇరికించి, చివర 'డాట్ కామ్' ఉంటే అది సర్కారుది కాదు. అడ్రస్ బాగానే ఉన్నట్టు కనిపించినా మెయిల్‌లోని లింక్ మాత్రం నొక్కొద్దు. హజ్ కమిటీ వెబ్‌సైట్‌ను మీరే తెరిచి కవర్ నంబరుతో చూసుకోండి. లేదంటే నాంపల్లి హజ్ హౌస్‌కు వెళ్లి అడగండి, పోయేది ఆటో చార్జీయే కదా!

గల్ఫ్ ఉద్యోగాల మెయిల్స్ ఇంకో రకం. ఇంటర్వ్యూ ఉండదు, ఆఫర్ లెటర్ మాత్రం వచ్చేస్తుంది. వెంటనే వీసా ఫీజు అంటారు. మన దేశం నుంచి గల్ఫ్‌కు మనుషుల్ని పంపే ఏజెంటుకు 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ పేరు ఈ-మైగ్రేట్ సైట్‌లో వెతకొచ్చు. సర్వీస్ చార్జీ 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ దాటి తీసుకోకూడదు. ఎవరిదో సొంత ఖాతాకు డబ్బు వేయమంటే అక్కడే ఆగిపోండి.

పార్శిల్ ఆగిపోయింది, అడ్రస్ సరిచేయడానికి పాతిక రూపాయలు కట్టమంటూ పోస్టాఫీసు పేరుతో వచ్చేవీ ఉన్నాయి. వాళ్లకు కావాల్సింది ఆ పాతిక కాదు, మీ కార్డు నంబరు, ఓటీపీ. డౌటుంటే అబిడ్స్ జీపీఓలో అడగండి.

డబ్బు పోతే ఇంట్లో తిడతారని దాచే పిల్లలున్నారు, పరువు పోతుందని దాచే పెద్దలూ ఉన్నారు. ఆ ఆలస్యంలోనే డబ్బు ఖాతాలు మారిపోతుంది. వెంటనే 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకూ చెప్పండి. 2017 నాటి ఆర్‌బీఐ సర్క్యులర్ ప్రకారం, ఓటీపీ మనమే చెప్పేస్తే బ్యాంకుకు తెలిపేవరకు పోయినది మన నష్టం, తెలిపాక పోయేది బ్యాంకు భరించాలి. ఫిర్యాదు నంబరు రాసి పెట్టుకోండి. ఆ మెయిల్‌ను కోపంతో డిలీట్ చేయకండి, పోలీసులకు అదే ఆధారం.