కాటుక పొడి నుంచి ఆల్కహాల్

పిడుగురాళ్లలో సున్నం అమ్మే వీధిలో పసిబిడ్డకు కాటుక దిద్దే తల్లిని చూస్తే నాకు 'ఆల్కహాల్' గుర్తొస్తుంది. ఆ మాట పుట్టింది కంటిరెప్పల దగ్గరే. అరబ్బీలో 'అల్ కుహ్ల్' అంటే సుర్మా, మెత్తగా నూరిన పొడి. ఐరోపా రసవాదులు దాన్ని ఏ మెత్తని పొడికైనా, ఆ తర్వాత దేని సారానికైనా వాడారు. 16వ శతాబ్దంలో రసవాది పారసెల్సస్ ద్రాక్ష మద్యం సారానికి ఆ పేరు పెట్టాడు. పొడి పోయింది, మత్తు మిగిలింది.

ఆ మత్తు కడుపులోని బిడ్డనూ వదలదు. కడుపులో ఉండగా మద్యం సోకిన పిల్లల ముఖాల్లో 1973లో సియాటిల్ వైద్యులు జోన్స్, స్మిత్ ఒక పోలిక చూశారు. చిన్న తల, పలచని పైపెదవి, కురచబారిన కంటి చీలిక. అవును, కాటుక దిద్దే చోటే!

ముఖం కన్నా మెదడుకు తగిలే దెబ్బ పెద్దది. తల్లి తాగింది మావి దాటి బిడ్డ రక్తంలో కలుస్తుంది. దాన్ని అరాయించుకునే శక్తి ఆ లేత కాలేయానికి లేదు. మెదడు కణాలు కొన్ని చచ్చిపోతాయి, కొన్ని చేరాల్సిన చోటికి చేరవు. ముఖం మామూలుగా ఉన్న బిడ్డకూ జ్ఞాపకం, నిలకడ, లెక్కలు కష్టమవుతాయి. కల్లయినా బీరయినా, చూలాలికి ఇంతవరకు ఫర్వాలేదనే కొలత లేదు. చాలాసార్లు, కడుపుతో ఉన్నానని తల్లికి తెలిసేసరికే బిడ్డ మెదడు రూపు కట్టడం మొదలై ఉంటుంది.